ఫైలమ్మ ఫైలు పోయింది

ఆమెకి ఫైలమ్మ అని పేరు పెట్టింది ఆడపడుచు. కొత్త కోడలు పెట్టె విప్పుతుంది, మంచి మంచి బట్టలు బయటపడతాయి అని ఆవిడ మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటే, పెట్టెలోంచి మొదట బయటికొచ్చింది నీలం అట్ట ఫైలు. పుట్టిన కాగితం, చదువు కాగితాలు, పెళ్ళి కాగితం, వాటి నకళ్ళు, నకళ్ళకి నకళ్ళు. "ఒరేయ్, పెళ్ళి చేసుకున్నావా, గుమాస్తాని పెట్టుకున్నావా?" అని తమ్ముణ్ణి అడిగి పడీ పడీ నవ్వింది. "ఏమ్మా ఫైలమ్మా, మా వాణ్ణి కూడా ఏ అరలోనో సర్దేస్తావా ఏంటి?" అంది. అంతే, ఆ పేరు అతుక్కుపోయింది.

అలాంటి ఫైలమ్మ ఫైలే పోయింది.

ఇంట్లో ఉన్నది కాదు. అది బీరువా మీద భద్రంగానే ఉంది. ఆఫీసుకి పంపింది పోయింది. ఆమె భర్త ఈ దేశం వచ్చి పదమూడేళ్ళయింది, ఇక్కడి పౌరుడే అయిపోయాడు. అతని భార్యగా తనకీ ఇక్కడే శాశ్వతంగా ఉండిపోయే అనుమతి ఇవ్వమని నలభై ఒక్క పేజీల దరఖాస్తు, పధ్నాలుగు నెలల కింద రిజిస్టరు పోస్టులో పంపింది. అందినట్టు రసీదు వచ్చింది. ఆ తర్వాత ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఆర్నెల్లు పడుతుందన్నారు, ఆగింది. ఏడాది పడుతుందన్నారు, ఆగింది. ఇప్పుడు పాస్‌పోర్టులో ఉన్న తాత్కాలిక ముద్ర ఈ నెల ముప్పయ్యో తారీకుతో అయిపోతుంది. దరఖాస్తు నడుస్తోందని ఆఫీసులో తేలితే ముద్ర పొడిగిస్తారు. తేలకపోతే ముప్పై ఒకటో తారీకుకల్లా ఆమె దేశం దాటాలి. బయటికెళ్ళి మళ్ళీ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాలి. రెండేళ్ళు పట్టొచ్చు, మూడేళ్ళు పట్టొచ్చు. మొగుడు ఇక్కడ, పెళ్ళాం అక్కడ.

కాగితాల దగ్గర ఆమె జాగ్రత్త నాన్న దగ్గర అబ్బింది. ఆయన రిజిస్ట్రారు ఆఫీసు మెట్ల పక్కన బల్ల వేసుకుని దస్తావేజులు రాసేవాడు. కామా పోతే కాపురం పోతుందనే రకం. నకలు తీయకుండా ఒక్క కాగితాన్ని చేయి దాటనిచ్చేవాడు కాదు. మనిషి పేరు మొండిగా రాయకూడదన్నది ఆయనకి ఇంకో పట్టుదల. ఆస్తి కోసం జుట్టూ జుట్టూ పట్టుకున్న అన్నదమ్ముల పంపకాల కాగితంలో కూడా ఇద్దరి పేర్ల చివరా గారు తగిలించేవాడు. "వాళ్ళు కొట్టుకుంటే కొట్టుకోనీ, మన కలానికి మర్యాద ఉండొద్దూ?" అనేవాడు. ఆయన పోయి ఏడేళ్ళయింది. ఫైలమ్మ చేతిరాత మాత్రం అచ్చం ఆయనదే.

ఆ రోజు ఆఫీసులో ఆమె వంతు వచ్చేసరికి పదకొండయింది. కౌంటరు అద్దానికి అడుగున అరచేయంత కన్నం ఉంటుంది. మాట వినబడాలంటే ఎంతటివాడైనా వంగాల్సిందే. ఫైలమ్మ వంగి భర్త ఇంటిపేరు చెప్పింది. మొగుడి ద్వారా పెట్టుకున్న దరఖాస్తులన్నీ అక్కడ మొగుడి ఇంటిపేరు మీదే ఉంటాయి. లోపలి మనిషి టకటకా కొట్టి చూశాడు.

"లేదండీ."

"రసీదుందండీ, ఇదిగో."

"కవరు అందిందని ఉంది. కవర్లో ఏముందో దీంట్లో లేదు కదండీ."

"నలభై ఒక్క పేజీలండీ."

"ఉండొచ్చు. ఇక్కడ మాత్రం లేవు."

"మరెక్కడుంటాయి?"

అతను నిజంగానే కాసేపు ఆలోచించాడు. మనిషి మంచివాడే. "తెలీదండీ" అన్నాడు.

వెతకమని అర్జీ రాసిమ్మన్నాడు. జవాబు రావడానికి ఆరు వారాలు పడుతుందన్నాడు. ముప్పయ్యో తారీకుకి ఇంకా పందొమ్మిది రోజులే ఉన్నాయి. ఫైలమ్మ అర్జీ రాసిచ్చి, నకలు అడిగి తీసుకుని, "సరేనండీ" అని బయటికొచ్చింది. మెట్ల మీద ఎవరో ఒకామె ఫోను చెవిన పెట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది. ఫైలమ్మ ఆమెని చూసింది. తనకీ అలాంటిదేదో రావాలి కదా అని ఒక నిమిషం ఆగింది. ఏమీ రాలేదు. బస్సొచ్చింది, ఎక్కింది.

ఆమె పని డ్రై క్లీనింగ్ షాపులో. ముందు గదిలో గల్లా, వెనక గదిలో ఆవిరి ఇస్త్రీ యంత్రం, దాని పక్కన ఆమె కుట్టు మిషను. ఊడిన గుండీలు, చిరిగిన జేబులు, జారిన అంచులు, ఇవన్నీ ఆమెవి. మూడేళ్ళుగా వేడి బట్టలు పట్టుకుని పట్టుకుని వేళ్ళ కొసలు మొద్దుబారిపోయాయి. సూది గుచ్చుకున్నా రక్తం చూశాకే తెలుస్తుంది. బట్ట పూర్తిగా ఆరిందా లేదా అని వేలితో చూస్తే తెలీదు, అందుకని చెంపకి ఆనించుకుని చూస్తుంది. షాపు యజమానురాలు మొదట్లో అది చూసి, "బట్టని ముద్దు పెట్టుకోడానికా నీకు జీతం?" అనేది. తర్వాత అలవాటైపోయింది.

ఆ మధ్యాహ్నం యజమానురాలు కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. అలా కూర్చుందంటే మంచి మాట కాదు.

"చూడమ్మాయ్, నీ చేతి కుట్టు నాకు ఇంకెక్కడా దొరకదు. కానీ ముద్ర లేకుండా ముప్పై ఒకటో తారీకు నువ్వు ఈ కుర్చీలో కనబడితే, మర్నాడు షాపుకి తాళం పడుతుంది. అర్థమైందా?"

"అయిందండీ."

"అరిచి గీపెట్టొచ్చు, నేనేం అనుకోను."

"ఈ కోటుకి నల్ల గుండీలు అయిపోయాయండీ. ముదురు నీలంవి వేయనా?"

యజమానురాలు ఆమె మొహంలోకి తేరిపార చూసి, "వెయ్" అని లేచి వెళ్ళిపోయింది.

సాయంత్రం ఇంట్లో ఆడపడుచు కూడా ఉంది. ఆవిడ ఉండేది పక్క భవనంలోనే, వారంలో నాలుగు రోజులు భోజనం ఇక్కడే. ఫైలమ్మ ఆఫీసులో జరిగింది చెప్పింది, కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినట్టు చెప్పింది.

"పోయిందంటే? వాళ్ళబ్బ సొమ్మా పోవడానికి!" ఆడపడుచు కంచం పక్కకి తోసింది. "ఒరేయ్, నువ్వేం మాట్లాడవేంరా? ఊళ్ళో వాళ్ళ లిఫ్టులు మధ్యలో ఆగిపోతే పరిగెడతావే, పెళ్ళాం మధ్యలో ఆగిపోతే కూర్చుని పెరుగన్నం తింటున్నావా?"

భర్త లిఫ్టు మెకానిక్కు. నెమ్మదైన మనిషి, మాటకి ముందు ఒకసారి దగ్గుతాడు. ఇప్పుడూ దగ్గాడు. "రేపు సెలవు పెడతానక్కా. నేనూ వెళ్ళి అడుగుతా."

"మీరొచ్చినా అదే చెబుతారండీ" అంది ఫైలమ్మ.

"ఈ పోస్టు వాళ్ళని నమ్మడానికి లేదోయ్" అన్నాడు భర్త. "మన డబ్బాలోనే చూడు, మనవి కానివి వేసి పోతుంటారు. మనకి ముందు ఈ ఇంట్లో ఉన్నాయన, గారో అని ఏదో ఇంటిపేరట, ఆయన ఉత్తరాలు రెండుసార్లొచ్చాయి. నేను కాబట్టి పారేయకుండా, ఈ పేరుగలవారు ఇక్కడ లేరని రాసి మళ్ళీ పోస్టులో వేశా. అలా మనదీ ఎవరి డబ్బాలోనో పడుంటుంది."

"పోనీలెండి, ఆయనకన్నా చేరుంటాయి" అంది ఫైలమ్మ, కంచాలు తీస్తూ.

"ఏడవ్వే తల్లీ!" అంది ఆడపడుచు. "ఒక్కసారి ఏడు. నిన్నిలా చూస్తుంటే నాకు భయమేస్తోంది."

"వస్తే ఏడుస్తాను వదినా."

మర్నాడు భర్త వెళ్ళి వంగి అడిగొచ్చాడు. అదే మాట. ఆ ఆదివారం ఫైలమ్మ మంచం కింద నుంచి పెట్టె లాగి సర్దడం మొదలుపెట్టింది. చలి బట్టలు ఒక పక్క, మామూలువి ఒక పక్క. భర్త గుమ్మంలో నిలబడి రెండుసార్లు దగ్గి, వంటింట్లోకెళ్ళి ట్యాపు బిగించాడు. అది కారడం లేదు, అయినా బిగించాడు.

ముప్పయ్యో తారీకుకి ఇంకా ఆరు రోజులుందనగా షాపులో ఒక కోటు కనబడకుండా పోయింది. బూడిదరంగు కోటు, ఎవరో పంతులమ్మది. ఆవిడ గల్లా దగ్గర నిలబడి, గంటలో తనకి పని ఉందని గగ్గోలు పెడుతోంది. షాపులో పద్ధతేంటంటే, బట్టలిచ్చేవాళ్ళు చీటీ మీద పేరు వాళ్ళే రాస్తారు. ఆ పేరులో చివరి మాట చూసి, అక్షరాల వరసలో కడ్డీకి తగిలిస్తారు. పంతులమ్మ పేరుండాల్సిన చోట కోటు లేదు. కొత్తగా పనిలో చేరినావిడ అక్కడే నాలుగోసారి వెతుకుతోంది.

యజమానురాలు లోపలికొచ్చి గొంతు తగ్గించి అంది, "ఉండాల్సిన చోట ఎన్నిసార్లు వెతుకుతావమ్మా? ఉండాల్సిన చోట ఉంటే అది పోవడం ఎందుకవుతుంది? తప్పుగా చదివినవాళ్ళు ఎలా చదువుంటారో అలా చదువు. చీటీ ఏదీ?"

కొత్తావిడ చీటీ సగం తెచ్చి, ఫైలమ్మకి కనబడేలా మిషను మీద పెట్టింది. పంతులమ్మ తన పేరు రాసి, పక్కనే అదే వరసలో ఇంకో మాట రాసింది. రేపటికి. అంటే రేపటికల్లా కావాలని. కొత్తావిడ చీటీలో చివరి మాట చూసింది, తగిలించేసింది.

యజమానురాలు కడ్డీ ఆ చివరకి వెళ్ళి, బట్టలు జరిపి, బూడిదరంగు కోటు పైకి లాగింది. "ఇదిగో!"

రేపటికి గారి కోటు దొరికింది, అనుకుంది ఫైలమ్మ మనసులో, తన భాషలో.

అనుకుని, కుడుతున్న సూది అలాగే ఆపింది.

సంచిలో దరఖాస్తు నకలు ఎప్పుడూ ఉంటుంది. బయటికి తీసి మూడో పేజీ తిప్పింది. భర్త పూర్తి పేరు ఒకే వరసలో రాయవలెను, చివరి మాటను కుటుంబ నామముగా తీసుకొందుము అని అచ్చులో ఉంది. కింద గళ్ళలో, గడికో అక్షరం చొప్పున, ఆఫీసు భాష అక్షరాల్లో, నాన్న నేర్పిన ముత్యాల్లాంటి రాతలో ఆమె రాసింది. పేరు. ఇంటిపేరు. ఆ తర్వాత ఒక గడి వదిలి, గారు.

మొగుడి పేరు మొండిగా రాయడానికి ఆమెకి చేయి ఆడలేదు. ఆడకపోవడం కాదు, ఆ మాట రాశానన్న సంగతే ఆమెకి తెలీదు. చేయి దానంతటదే రాసేసింది. పంపేముందు ఎనిమిదిసార్లు సరిచూసుకుంది. ఎనిమిదిసార్లూ అందులో ఆమెకి తప్పు కనబడలేదు, ఎందుకంటే అందులో తప్పు లేదు మరి. ఆ మాట లేకపోతేనే తప్పుగా అనిపించుండేది.

ఫోను తీసి భర్తకి చేసింది. "ఏవండీ, రేపు సెలవు పెట్టండి. ఆఫీసుకెళ్దాం."

"ఏమైందోయ్?"

"మీరు వెనక్కి పంపారే ఉత్తరాలు, గారో అని. దాని ముందు అక్షరాలేంటో గుర్తున్నాయా?"

అవతల లిఫ్టు మోటారు మోగుతోంది. తర్వాత అది ఆగింది. భర్త దగ్గలేదు. "రెండక్షరాలున్నాయి" అన్నాడు. మెల్లగా మళ్ళీ, "నావే" అన్నాడు.

మర్నాడు అద్దం అవతల అదే మనిషి. ఫైలమ్మ వంగి, "గారు అన్న ఇంటిపేరుతో చూడండి" అంది. అక్షరం అక్షరం విడదీసి చెప్పింది. అతను కొట్టాడు. ఆగి, తెర వైపు చూసి, ఇద్దరినీ లోపలి గదిలోకి రమ్మన్నాడు.

ఫైలు బల్ల మీదికొచ్చింది. నలభై ఒక్క పేజీలు, ఒక్కటీ పోలేదు. పైన రెండు కవర్లు పిన్ను చేసున్నాయి. రెండిటి మీదా అడ్డంగా గీత కొట్టి, నీలం సిరాతో పెద్ద పెద్ద అక్షరాల్లో రాసుంది, ఈ పేరుగలవారు ఇక్కడ లేరు. భర్త ఆ రాత చూసి తల దించుకున్నాడు. చెవులు రెండూ ఎర్రబడ్డాయి.

లోపలి గదిలో అధికారిణి కళ్ళజోడు సర్దుకుంటూ చెప్పింది. "మిమ్మల్ని ఇద్దర్నీ మాట్లాడ్డానికి రమ్మని రెండుసార్లు రాశాం. రాలేదు, ఫైలు మూసేశాం. ఉత్తరాలు అంది కూడా మీరు రాకపోయుంటే మళ్ళీ తెరవడం నా చేతిలో లేదు. తిరిగొచ్చాయి కాబట్టి అందనట్టు లెక్క. తెరవొచ్చు." కవరు మీద రాత చూపించింది. "ఇది రాసిందెవరో గానీ చెత్తబుట్టలో పడేయలేదు, మీ అదృష్టం."

"నేనేనండీ" అన్నాడు భర్త, నేల చూస్తూ.

అధికారిణి ఇద్దరివంకా మార్చి మార్చి చూసింది. "సరే. పేరు తప్పని మీరంటున్నారు. రెండు దార్లున్నాయి. ఒకటి, ఇప్పుడే సరిచేయమంటే ఈ ఫైలు వేరే విభాగానికి వెళ్తుంది. ఎనిమిది నెలలు. ఈలోగా ముద్ర పడదు. రెండోది, దీన్ని ఇలాగే నడిపిస్తాను, పేరు తప్పని పక్కన రాసి పెడతాను, ముద్ర ఇవాళే వేస్తాను. కార్డు మాత్రం ఈ పేరుతోనే వస్తుంది, తర్వాత మార్పించుకోవాలి. ఏది?"

భర్త దగ్గాడు. అతను నోరు తెరిచేలోపే ఫైలమ్మ అంది, "ఇలాగే ఉండనీండి."

ఇద్దరూ వచ్చారు కాబట్టి అడగాల్సినవి అప్పుడే అడిగేసింది అధికారిణి. ఇంట్లో ఎన్ని గదులు, కిటికీ ఎటు వైపుంది, ఆయన పొద్దున ఎన్నింటికి లేస్తాడు, ఈమె దేనికి విసుక్కుంటుంది. "దేనికీ విసుక్కోదండీ" అన్నాడు భర్త. "అదే నాకు బెంగ." చివర్లో అధికారిణి కలం ఎత్తింది. "మీ భర్త సరైన పేరు చెప్పమ్మా. గారు లేకుండా. రాసుకోవాలి."

ఫైలమ్మ చెప్పింది. పేరు, ఇంటిపేరు. అక్కడ ఆగింది. పెళ్ళయిన నాలుగేళ్ళలో ఆ పేరు ఆమె నోట మొండిగా రావడం అదే మొదలు. భర్త వెనకనుంచి ఎవరో పిలిచినట్టు ఉలిక్కిపడి చూశాడు.

ముద్ర పడింది. ఠప్పుమని చప్పుడైంది. ఫైలమ్మ పాస్‌పోర్టు తీసుకుని, తారీకు సరిచూసి, సిరా ఆరేదాకా తెరిచే పట్టుకుంది.

బస్సులో భర్త కిటికీ వైపు కూర్చున్నాడు. మూడు స్టాపులు గడిచాక అన్నాడు, "నా చేత్తో నేనే పంపేశాను కదోయ్. రెండుసార్లు."

"నా చేత్తో నేను రాశానుగా."

"తిట్టొచ్చుగా నన్ను."

"మంచి అక్షరాలతో రాశారండీ" అంది ఫైలమ్మ. "స్పష్టంగా ఉంది."

అతను నవ్వబోయి, ఆమె మొహం చూసి, నవ్వాలో వద్దో తెలీక ఆమె వేళ్ళ కొసలు పట్టుకున్నాడు. ఆమె చూసింది కాబట్టి ఆ సంగతి తెలిసింది.

ఆ సాయంత్రం ఆమె పెట్టెలో బట్టలు తీసి మళ్ళీ బీరువాలో పెట్టింది. చలి బట్టలు ఒక పక్క, మామూలువి ఒక పక్క. ఆడపడుచు వచ్చి తమ్ముణ్ణి కడిగి పారేసింది. "నీ పెళ్ళాం నీకు మర్యాద ఇస్తే, ఆ మర్యాద ఇక్కడ లేదని రాసి పంపించావట్రా! నీకు గారు ఎక్కువే, ఉత్త పేరు కూడా ఎక్కువే!" తర్వాత మరదలి భుజం పట్టుకుని ఊపింది. "ఇప్పుడన్నా ఏడు. సంతోషంతోనైనా ఏడు."

"రావట్లేదు వదినా."

"సరే, ఆ పెట్టె ఇలా తే. నా ఇంట్లో పెట్టుకుంటా. నీ కంటికి కనబడక్కర్లేదు."

మర్నాడు షాపులో ఫైలమ్మ బట్టలకి అంటించే తెల్లగుడ్డ పట్టీ ఒకటి కత్తిరించి, చెరగని సిరాతో దాని మీద ఒక మాట రాసింది. ఇంటికొచ్చి, భవనం గుమ్మంలో తమ ఉత్తరాల డబ్బా మీద, ఇంటిపేరు కింద అంటించింది. గారు. లిఫ్టు దగ్గర నిలబడ్డ పై అంతస్తు ముసలాయన అది చదివి, "కొత్తగా ఎవరైనా దిగారా?" అని అడిగాడు.

"అవునండీ" అంది ఫైలమ్మ.

ఏడు వారాలకి డబ్బాలో మందపాటి కవరు పడింది. ముందు రెండక్షరాలు, తర్వాత ఆ మాట. ఆమె అక్కడే నిలబడి చించింది. లోపల కార్డు. తన పేరు, తన ఫొటో, భర్తగా గారు, కింద శాశ్వతం అన్న మాట. అక్షరాలు ఉబ్బెత్తుగా పొడుచుకొచ్చి ఉంటాయని చెప్పారు. బొటనవేలితో తడిమి చూసింది. ఏమీ తెలియలేదు.

గుమ్మంలో ఎవరూ లేరు. కార్డు ఎత్తి చెంపకి ఆనించుకుంది. చల్లగా ఉంది. అక్షరాలు సన్నగా గుచ్చుకున్నాయి. లిఫ్టు వచ్చి, తలుపు తెరుచుకుని, ఎవరూ ఎక్కకపోతే మూసుకుని పైకి వెళ్ళిపోయింది. ఆమె ఇంకా అలాగే పట్టుకుని ఉంది.